శీతకాలపు స్టోన్‌ఫ్లై శాబకములు: ఒక గుర్తింపు గ్రంథము

ఉత్తర అమెరికా వాగుల ఒడ్డున మంచు పేరుకొనియుండగనే నీటినుండి వెలువడి, ఆ మంచుమీదనే నడచు నల్లని చిన్న కీటకములు గలవు. వీనికి శీతకాలపు స్టోన్‌ఫ్లైలని పేరు. నీటిలో పెరుగు వీని బాల్యదశను పలువురు లార్వా యందురు. కాని గొంగళిపురుగునకు వలె దీనికి ప్యూపా దశ లేదు. కనుక శాబకము, అనగా నింఫ్, అనుటయే మేలు. కెన్నెత్ స్టివర్ట్, బిల్ స్టార్క్ 1988లో ప్రకటించి, 2002లో రెండవ కూర్పుగా వెలువరించిన ‘నింఫ్స్ ఆఫ్ నార్త్ అమెరికన్ స్టోన్‌ఫ్లై జెనెరా’ పేరులోనే ఈ విచక్షణ కలదు.

వలలో పడినది స్టోన్‌ఫ్లైయేనా యని తేల్చుట తేలిక. దానికి రెండు తోకలు, ప్రతి కాలికొనను రెండు గోళ్లు ఉండును. మేఫ్లై శాబకమునకు సాధారణముగా మూడు తోకలు, కాలికి ఒకే గోరు. చిక్కంతయు ఆ తరువాతనే. క్రింది పెదవి కొనలు సమముగా నుండు వర్గములో పాదమును పరీక్షింపవలెను. పాదమునకు మూడు తునకలు. రెండవది మొదటిదానితో ఇంచుమించు సమమైనచో టీనియోప్టెరిజిడే కుటుంబము. ఇందులో టీనియోప్టెరిక్స్ ప్రజాతికి ప్రతి కాలి మొదటను వ్రేలివంటి మొప్ప యొకటి యుండును. రెండవ తునక పొట్టిదైనచో వెనుక రెక్కల మొగ్గలు చూడవలెను. అవి ఎడముగా విచ్చుకొన్నచో నెమూరిడే. దేహమునకు సమాంతరముగా నున్నచో కాప్నియిడే గాని ల్యూక్ట్రిడే గాని కావలెను. కాప్నియిడేలో ఉదరము ప్రక్కనున్న మెత్తని పొర మడత తొమ్మిదవ ఖండమువరకు సాగును. ల్యూక్ట్రిడేలో ఏడవదానిని దాటదు.

లక్షణములు చక్కనివే. కాని రెక్కల మొగ్గలు బాగుగా పెరిగిన శాబకమునకే ఇవి పనికివచ్చును. శీతకాలపు స్టోన్‌ఫ్లైలలో పెక్కింటి శాబకములు వేసవిని వాగు అడుగున గులకరాళ్ల సందులలో నిద్రాణముగా గడపి, నీరు చల్లబడిన పిమ్మట వడిగా పెరుగును. శరత్కాలమున దొరకు పసిశాబకము దగ్గర పట్టిక తడబడును. ఈ లోపము చిన్నది కాదు.

కుటుంబము పొరపడినంత మాత్రమున నీటి తీర్పు తారుమారు కాదు. హిల్సెన్‌హాఫ్ 1988లో ఇచ్చిన సహన సంఖ్యలలో, 0 నుండి 10 వరకు గల కొలతపై, ల్యూక్ట్రిడేకు 0, కాప్నియిడేకు 1, టీనియోప్టెరిజిడేకు 2. అన్నియు శుభ్రజలమునే సూచించును. అంతకంటె పెద్ద ప్రమాదము వేసవిలో వల వేయుట. అప్పుడు శాబకములు వలకు అందవు. మంచి వాగునకు చెడ్డపేరు వచ్చును.

గ్రంథము ప్రజాతివద్దనే ఆగుట కొందరికి అసంతృప్తి కలిగింపవచ్చును. థియొడర్ ఫ్రిసన్ 1935లో ఇల్లినాయి రాష్ట్రపు స్టోన్‌ఫ్లైలపై వ్రాసిన గ్రంథము వంటిది, ఒక్క ప్రాంతమునకు పరిమితమైనది గనుక, జాతుల వివరమునకు దిగగలదు. ఖండమంతటికి వ్రాయువారికి ఆ సౌకర్యము లేదు. కాప్నియిడేలో ప్రజాతులను విడదీయుటకే సన్నని రోమములను నమ్ముకొనవలసివచ్చును. చేతికటకముతో పనిచేయు విద్యార్థికి అవి కానరావు, సూక్ష్మదర్శిని తప్పదు. జాతి పేరు కావలెనన్నచో, రెక్కల మొగ్గలు నల్లబడిన శాబకమును గాలి యాడుచుండు చల్లని నీటిలో నుంచి, పెద్దకీటకము వెలువడిన పిదప దానిని, అది విడిచిన కుబుసమును ఒకే సీసాలో భద్రపరుపవలెను.