తరుగు పోనివ్వని పనివాడు

ప్రొద్దుటూరులో నగ చేయించుకునే వాళ్లు లెక్క చూసేటప్పుడు రెండు మాటల దగ్గర ఆగుతారు: తరుగు, మజూరీ. పనిలో రాలి పోయేది తరుగు, చేతికి ఇచ్చేది మజూరీ. పనిగది ఊడ్చిన దుమ్మును కూడా కంసాలి పారెయ్యడు. కడిగి అందులోని రజను తీసుకుంటాడు. కంటికి కనిపించని ఒక బాక్టీరియా పనితనాన్ని ఈ రెండు మాటలతోనే చూడాలి. గాలి తగలని చోట అమ్మోనియంను నైట్రోజన్ వాయువుగా మార్చడం దాని వృత్తి. శాస్త్రవేత్తలు దాన్ని అనామాక్స్ అంటారు.

అమ్మోనియంను మార్చే జీవికి ఆక్సిజన్ ఉండి తీరాలని చాలాకాలం నమ్మారు. 1977లో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఎంగెల్బర్ట్ బ్రోడా కాగితం మీద శక్తి లెక్కలు వేసి, ఆక్సిజన్ లేకుండానే ఈ పని చేసే జీవి ఎక్కడో ఉండాలన్నాడు. తర్వాత నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఒక ఈస్ట్ ఫ్యాక్టరీ మురుగునీటి తొట్టిలో అమ్మోనియం లెక్కకు అందకుండా తగ్గిపోవడం గమనించారు. 1999లో మార్క్ స్ట్రౌస్ బృందం ఆ పనివాడెవరో తేల్చింది.

పని మూడు మెట్లలో సాగుతుంది. నైట్రైట్‌ను ముందు నైట్రిక్ ఆక్సైడ్‌గా మారుస్తుంది. దాన్ని అమ్మోనియంతో టంకం పెట్టినట్టు అతికి హైడ్రజీన్ చేస్తుంది. ఆ హైడ్రజీన్ నుంచి నైట్రోజన్ వాయువు తీస్తుంది. వాయువులోని జంట పరమాణువుల్లో ఒకటి అమ్మోనియంది, రెండోది నైట్రైట్‌ది. ఇక లెక్క చూడండి: మూడో మెట్టులో 4 ఎలక్ట్రాన్లు విడుదలవుతాయి. మొదటి మెట్టుకు 1, రెండో మెట్టుకు 3 కావాలి. వచ్చిన నాలుగూ వెనక్కి వెళ్లి సరిగ్గా సరిపోతాయి. అంటే పెట్టిన పెట్టుబడే తిరిగి తిరిగి పనికొస్తుంది. ఆ తిరుగుడులో ప్రోటాన్లు కణం లోపలి ఒక గోడకు ఒకవైపు పోగుపడతాయి. అవి తిరిగి ఇవతలికి వచ్చే దారిలోనే కణానికి బతుకుతెరువు.

హైడ్రజీన్ మామూలు సరుకు కాదు, విషం. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీ రెండో దశలో మండేది ఈ కుటుంబపు ఇంధనమే. అంత విషాన్ని వండటానికి ఈ జీవి తన కణంలో సగానికి పైగా చోటును ప్రత్యేకమైన గదిగా కట్టుకుంది. దాని గోడలో నాలుగేసి కార్బన్ల చతురస్రాలు మూడో ఐదో వరసగా, నిచ్చెన మెట్లలా అతుక్కుని ఉంటాయని 2002లో తెలిసింది. ప్రకృతిలో ఇలాంటి కట్టుబడి అంతకుముందు ఎవరూ చూడలేదు. విషం బయటికి రాకుండా కట్టిన గోడ అనే అందరూ అనుకున్నారు.

స్టాన్‌ఫోర్డ్ రసాయన శాస్త్రవేత్తలు ఆ గోడ పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేసి పరీక్షించి, 2018లో ఫలితం ప్రకటించారు. హైడ్రజీన్‌ను అది పెద్దగా ఆపదు. ప్రోటాన్లను మాత్రం కారనివ్వదు. పనితనమంతా నాకు ఇక్కడే కనిపించింది. ఈ పనిలో రాబడి చాలా తక్కువ, అదీ నెమ్మదిగా వస్తుంది. కొంచెం కొంచెంగా కూడబెట్టేవాడి కుండకు చిల్లి ఉంటే ఎలా? వాన లెక్క తెలిసిన మన సీమవాసులకు ఇది వేరే చెప్పక్కరలేదు.

మజూరీ కూడా ఉంది. 100 పాళ్ల అమ్మోనియంకు సుమారు 132 పాళ్ల నైట్రైట్ పడుతుంది. అందులో 26 పాళ్లు నైట్రేట్‌గా మిగులుతాయి. ఆ మార్పులో దొరికే ఎలక్ట్రాన్లతోనే అది బొగ్గుపులుసు వాయువు నుంచి తన ఒళ్లు పెంచుకుంటుంది. అందుకే ఒకటి రెండు కావడానికి దాదాపు 11 రోజులు. మన పేగుల్లోని ఈ.కోలైకి అనుకూలిస్తే 20 నిమిషాలు చాలు.

కేసీ కాలువ కింద వరి మడిలో యూరియా చల్లుతాం. నిలిచిన నీటి అడుగున, పైపొర కింద ఆక్సిజన్ అందని మట్టిలో ఇలాంటి జీవులకు చోటుంది. చైనా వరి మళ్లలో ఈ పనిని కొలిచి చూపారు. గాలి ఆడే పులివెందుల చీనీ తోటల నేలలో దీనికి పని తక్కువ. మడిలో ఇది చేసేది రైతుకు నష్టమే, డబ్బు పెట్టి కొన్న నైట్రోజన్ గాలిలో కలుస్తుంది. అదే పని మురుగులో జరిగితే నదికి మేలు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల పక్కన పారే పెన్నను తలచుకుంటే ఈ రెండో పనే నన్ను లాగుతుంది. మామూలు పద్ధతిలో మురుగులోని అమ్మోనియంను తీయాలంటే మోటార్లతో గాలి ఊదుతూనే ఉండాలి. అనామాక్స్ పద్ధతిలో ఆ ఖర్చు సుమారు 60 శాతం తగ్గుతుంది. 35 డిగ్రీల వేడి దగ్గర ఇది హాయిగా పనిచేస్తుంది. ఐరోపా చలికి ముడుచుకునే ఈ జీవికి మన ఎండ చుట్టం లాంటిది. అయితే రోటర్‌డామ్‌లో 2002లో కట్టిన మొదటి పెద్ద తొట్టి పూర్తిగా పనిలోకి రావడానికి మూడున్నరేళ్లు పట్టింది. మంచి కంసాలికి నగ అప్పగించినప్పుడు గడువు అడిగితే ఇస్తాం. ఈ పనివాడికీ ఆ గడువు ఇవ్వాలి.