మా మాట మీకెట్లా వినపడుతోంది?

ఒక తెలుగు పత్రికలో డెస్కు మీద చేరిన కొత్తల్లో జరిగిన సంగతి ఇది. మొహర్రం పదో రోజు. మొదటి పేజీ అడుగున చిన్న పెట్టె కట్టి 'ముస్లిం సోదరులకు మొహర్రం శుభాకాంక్షలు' అని అచ్చు వేశారు. ఆ పేజీ పెట్టిన మిత్రుడు మంచివాడు. మాకు సంతోషం కలుగుతుందనే పెట్టాడు. మేము మాత్రం మండిపడ్డాం. క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ఇమామ్ హుసేన్‌ను, ఆయన వెంట నిలబడ్డవాళ్లను చంపిన రోజది. హైదరాబాద్ పాతబస్తీలో బీబీ కా ఆలం ఊరేగుతుంటే రొమ్ములు బాదుకుంటూ జనం నడిచే రోజు. చావింటికొచ్చి శుభాకాంక్షలు చెబుతారా అని అడిగాం. మిత్రుడు బిత్తరపోయాడు. "మా ఊళ్లో పీర్ల పండుగ కదన్నా" అన్నాడు.

వాళ్ల ఊళ్లో ముస్లింల ఇళ్లు రెండో మూడో. పీరు ఎత్తుకునేది వాళ్ల నాయన. డప్పులు, గుండం చుట్టూ ఆటలు, మలీద ముద్దలు, తెల్లవార్లూ జాతర. అతని చిన్నతనంలో ఏడాదికొక్కసారి ఊరంతా ఒక్కచోట చేరిన రాత్రి అది. పాతబస్తీ గల్లీలో పుట్టిన మేము ఆ పీర్ల పండుగ చూడలేదు. అతను మజ్లిస్ చూడలేదు. 'మొహర్రం' అన్న ఒక్కమాట వింటే అతనికి డప్పు వినపడింది, మాకు ఏడుపు వినపడింది. ఇద్దరిలో ఎవరూ అబద్ధమాడలేదు. ఎవరి అజ్ఞానం వాళ్లకుంది. కానీ అచ్చయ్యింది మాత్రం అతని జ్ఞాపకమే. ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నదంతా ఈ చివరి వాక్యం గురించే.

మాట నిఘంటువులో పుట్టదు. ఇంట్లో, వీధిలో, భయంలో, పండుగలో పుడుతుంది. పలికేవాడు తన ఇంటినుంచి పలుకుతాడు, వినేవాడు తన ఇంట్లో కూర్చుని వింటాడు. రెండిళ్ల మధ్య రాకపోకలు లేకపోతే భాష ఒకటే అయినా అర్థాలు రెండవుతాయి. ఇది ఏ ఇద్దరి మధ్యనైనా జరిగేదే. అయితే ఆ ఇద్దరిలో ఒకరి చేతిలో పత్రిక, పాఠ్యపుస్తకం, సినిమా ఉండి, రెండోవారి చేతిలో ఏమీ లేనప్పుడు అపార్థం అపార్థంగా మిగలదు. ఒకరి అర్థమే అర్థంగా చలామణి అయిపోతుంది.

కొన్ని మాటలు చూద్దాం. మేము 'నమాజు చదువుతాం' అంటాం. ఉర్దూలో 'పఢ్‌నా' అంటే పుస్తకం చదవడమూ, కంఠస్థమైనది పఠించడమూ కూడా. ఆ అలవాటే మా తెలుగులోకి వచ్చింది. ఓసారి 'జుమా నమాజు చదివి బయటికొచ్చిన జనం' అని రాస్తే, సీనియర్ ఒకాయన "ఏ పుస్తకం చూసి చదువుతారయ్యా?" అని నవ్వి, 'ప్రార్థనలు ముగించుకుని' అని దిద్దారు. వార్తకు వచ్చిన నష్టమేమీ లేదు. కానీ లక్షలమంది తెలుగు ముస్లింలు రోజూ వాడే తెలుగు వాక్యం ఆ రోజు తప్పు తెలుగైపోయింది.

'ఫత్వా' సంగతి ఇంకా దారుణం. ఎవరైనా ఓ ప్రశ్న అడిగితే షరీయత్ ప్రకారం ముఫ్తీ ఇచ్చే అభిప్రాయం ఫత్వా. అది నచ్చనివాడు ఇంకో ముఫ్తీని అడగవచ్చు. మా ఇళ్లలో వారసత్వం గురించో, జకాత్ గురించో అడిగి తెలుసుకునే మామూలు వ్యవహారమది. 1989లో సల్మాన్ రష్దీ మీద ఖొమైనీ ఇచ్చిన ఫత్వాతో ఆ మాటకు ప్రపంచమంతటా ఒకటే అర్థం మిగిలింది. తెలుగు పత్రికల్లో ఇప్పుడు పార్టీ అధిష్ఠానమూ ఫత్వా జారీ చేస్తుంది, కాలేజీ ప్రిన్సిపాలూ జారీ చేస్తాడు. మా అమ్మమ్మ జకాత్ లెక్క అడగడానికి ముఫ్తీ సాబ్ దగ్గరికి మనిషిని పంపితే, అదీ ఫత్వాయేనని ఏ తెలుగు పాఠకుడు నమ్ముతాడు?

'సాయిబు' తీసుకోండి. సాహెబ్ అన్న అరబ్బీ మాటే ఇది. ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడికి 'సాబ్' అవుతుంది. సైకిలు పంక్చర్లు వేసేవాడికి 'సాయిబు' అవుతుంది. ఒక్కమాటే, కూర్చున్నచోటును బట్టి గౌరవమూ అయింది, ఈసడింపూ అయింది. 'తురక' కూడా అంతే. ఊళ్లో పెద్దాయన 'తురకోళ్ల ఇల్లు' అని దారి చూపితే అందులో ఏ ద్వేషమూ ఉండకపోవచ్చు. 'కంసాలోళ్ల ఇల్లు' అన్నట్టే అంటాడు. కానీ 1992 డిసెంబర్ 6 తర్వాత అదే మాట వింటే మా వెన్ను జలదరిస్తుంది. ఆయన ఉద్దేశం స్వచ్ఛమైనదే కావచ్చు. మా భయం కూడా కల్పన కాదు. 'నేను ఆ ఉద్దేశంతో అనలేదు' అని చెప్పేవారందరికీ మా మనవి ఒక్కటే. మాటకు మీ ఉద్దేశం సగం, మా అనుభవం సగం.

ఇక సాహిత్యం. తెలుగు కథల్లో, సినిమాల్లో ఏళ్ల తరబడి ఒకే ఒక ముస్లిం మాట్లాడాడు. ప్రతి మాటకూ 'కీ' తగిలిస్తాడు. 'నువ్వు వస్తాడు, నేను చేస్తాడు' అంటాడు. నమ్మకస్తుడైన జట్కావాడో, కత్తి పట్టిన రౌడీయో. ఉర్దూ మాత్రమే తెలిసిన హైదరాబాదీ తెలుగు మాట్లాడబోయి తడబడితే కొంత అలా ఉంటుందేమో, కాదనం. కానీ నెల్లూరు ముస్లిం నెల్లూరు యాసలో మాట్లాడతాడు, పల్నాడు ముస్లిం పల్నాడు యాసలో మాట్లాడతాడు. దూదేకులవాళ్లలో ఎంతోమందికి ఇంటి భాషే తెలుగు. రచయిత పక్కింటి మనిషిని వినకుండా, తాను చూసిన సినిమాను విని రాశాడు. ఆ సినిమా తీసినవాడు ఇంకో సినిమాను విని తీశాడు. అందుకే ఈనాటికీ మాతో నాలుగు మాటలు మాట్లాడినవాళ్లు "మీరు తెలుగు భలే మాట్లాడతారే!" అంటారు. మెచ్చుకోలుగానే అంటారు. ఎవరి భాష ఎవరు మెచ్చుకుంటున్నట్టు?

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. 1998లో 'జల్‌జలా', 2004లో 'వతన్' వచ్చాయి. ముస్లిం తన నోటితో తాను తెలుగులో మాట్లాడటం అక్కణ్ణుంచి గట్టిగా వినపడింది. అప్పుడు మాకెదురైన ఫిర్యాదు ఏమిటి? 'ఉర్దూ మాటలు ఎక్కువయ్యాయి, అర్థం కావడం లేదు' అని. దస్తావేజు, వకాలతు, జమానతు, రాజీనామా, కుర్చీ, కలం, కబురు ఇవన్నీ ఎక్కడివి? కచేరీల ద్వారా, పాలకుల ద్వారా వచ్చిన మాటలు తెలుగైపోయాయి. పేదింటి వంటగదినుంచి, దర్గా మెట్లమీదినుంచి వచ్చిన మాటలకు మాత్రం అర్థాల పట్టిక అడుగుతారు.

ఇంత చెప్పి మా తప్పు దాచుకుంటే న్యాయం కాదు. నిజాం రాజ్యంలో 'తెలంగీ బేఢంగీ' అని తెలుగును వెక్కిరించిన నోళ్లలో మా పెద్దల నోళ్లూ ఉన్నాయి. 1921లో హైదరాబాద్‌లో జరిగిన సంఘసంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభలో గేలిచేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. నవ్వులపాలైన భాష ఎంత నొప్పి పడుతుందో తెలుగువాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. మాకూ చెప్పక్కర్లేదు. మా దక్కనీలో 'నక్కో' అన్నా, తెలుగు 'అని' పద్ధతిలో 'బోల్‌కే' అన్నా లక్నో భాష నేర్చినవాళ్లు నవ్వుతారు. అక్కడ తెలుగు వాసన వస్తుందని మమ్మల్ని నవ్వారు, ఇక్కడ ఉర్దూ వాసన వస్తుందని నవ్వారు. అయినా మా ఇళ్లలో ఇంకా 'గైర్ లోగ్' అన్న మాట తేలిగ్గా దొర్లుతూనే ఉంది. ఎదురింటివాళ్లను 'పరాయివాళ్లు' అని పిలుచుకుంటూ వాళ్లు మమ్మల్ని పరాయిగా చూస్తున్నారని వాపోవడం సబబేనా?

రెండు భాషలూ వచ్చినంత మాత్రాన అపార్థం తప్పుతుందనుకున్నాం మేము. ఆ గర్వాన్ని మా అమ్మీ జబ్బు అణిచింది. కడుపునొప్పి అంటే ఆస్పత్రికి తీసుకెళ్లాం. "ఎప్పటినుంచి?" అని డాక్టరు అడిగారు. అమ్మీ "పర్సోఁ సే" అంది. మేమే తెలుగు చేశాం, "మొన్నటినుంచి" అని. డాక్టరు రెండు రోజుల నొప్పికి మందు రాసిచ్చారు. దక్కనీలో 'పర్సోఁ' అంటే మొన్న కావచ్చు, కిందటి నెల కావచ్చు, నిరుడు కావచ్చు. ఆ మాట వింటూ పెరిగిన మేము, డాక్టరు ముందు కూర్చోగానే బడిలో నేర్చిన అర్థం పలికాం. కొన్ని వారాలకు నొప్పి ముదిరి ఇంకో డాక్టరు దగ్గరికి వెళితే, ఆయన మా వైపు చూడకుండా అమ్మీనే అడిగారు: "ఏ పండుగకు ముందు మొదలైందమ్మా?" అమ్మీ తడుముకోకుండా చెప్పింది, రంజాన్ ఉపవాసాలకు ముందునుంచేనని. అప్పటికి బక్రీద్ వస్తోంది. మూడు నెలలు దాటింది. అమ్మీ కోలుకుంది కానీ, ఆలస్యమైన ఆ వారాలకు ఆమె పడ్డ బాధ మా ఖాతాలోనే ఉంది.

ఆ రెండో డాక్టరుకు ఉర్దూ రాదు. వచ్చింది వినడం. అమ్మీ కాలాన్ని దేనితో కొలుస్తుందో తెలుసుకుని దానితోనే అడిగారు.

ఉర్దూను తెలంగాణ 2017లో రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. ఆంధ్రప్రదేశ్ 2022లో చేసింది. సంతోషమే. బోర్డులమీద మా అక్షరాలు కనపడతాయి. కానీ మేము అడుగుతున్నది బోర్డు ఒక్కటే కాదు. వార్త రాసేముందు, కథలో మాచేత మాట్లాడించేముందు, మా పండుగకు పేరు పెట్టేముందు ఒక్కమాట మమ్మల్ని అడగండి. మీ ఊరి పీర్ల గురించి మేమూ అడుగుతాం. ఆ డెస్కు మిత్రుడు మరుసటి ఏడు మొహర్రానికి మా దగ్గరికొచ్చి "ఈసారి ఏం రాయమంటావన్నా?" అని అడిగాడు. ఇద్దరం కూర్చుని రాశాం. అందులో కర్బలా ఉంది, వాళ్ల నాయన ఎత్తుకున్న పీరూ ఉంది. శుభాకాంక్షలు మాత్రం లేవు.