ఫార్మాట్ కొట్టే ముందు

కంప్యూటర్‌లో ఎవరో నిఘా పెట్టారన్న అనుమానంతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "ముందు ఫార్మాట్ కొట్టేయండి సార్" అంటారు. నేను కొట్టను. కొడితే ఆ దొంగ ప్రోగ్రామ్‌తోపాటు అదెప్పుడొచ్చింది, ఎలా వచ్చిందన్న ఆనవాళ్లూ తుడిచిపెట్టుకుపోతాయి.

ఆ మధ్య ఒకావిడ ల్యాప్‌టాప్ తెచ్చారు. పుట్టింటికి రాసుకున్న మెయిళ్లలో సంగతులు భర్త నోట వినిపిస్తున్నాయట. టాస్క్ మేనేజర్ తెరిచి చూశాను. ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా అందులో ఎస్‌వీసీహోస్ట్ అన్న పేరు చాలాసార్లు కనిపిస్తుంది. అది విండోస్‌దే, కంగారు పడక్కర్లేదు. చూడాల్సింది అది ఏ ఫోల్డర్‌లోంచి నడుస్తోందని. అసలుది సిస్టమ్32లో ఉంటుంది. ఆవిడ ల్యాప్‌టాప్‌లో అదే పేరుతో ఇంకొకటి యాప్‌డేటాలో దాక్కుంది. పక్కనే, ఆవిడ కొట్టిన అక్షరాలన్నీ నమోదైన లాగ్ ఫైళ్లు, తేదీలవారీగా. ఒకటి తెరిస్తే, ఆవిడ వాళ్లమ్మకు రాసి, పంపకుండా చెరిపేసుకున్న మాటలు కూడా అందులో ఉన్నాయి. నేను వెంటనే మూసేశాను. అవి నేను చదవాల్సినవి కావు.

అప్పటికప్పుడు తీసేయమన్నారు. కానీ పెట్టినవాడు ఇంట్లోనే ఉన్నప్పుడు, లాగ్‌లు ఆగిపోగానే సంగతి అతనికి తెలిసిపోతుంది. ఆ రాత్రి ఆవిడ ఎక్కడ ఉంటారన్నది ముందు తేలాలి. పాస్‌వర్డ్‌లు మార్చడం కూడా అతని చేయి పడని వేరే ఫోన్ నుంచే.

ఆనవాళ్లు మిగిలితే ఎంత తేడా వస్తుందో చూడండి. భీమా కోరేగావ్ అల్లర్ల కేసులో పోలీసులు 2018 ఏప్రిల్‌లో ఢిల్లీలో హక్కుల కార్యకర్త రోనా విల్సన్ ల్యాప్‌టాప్ స్వాధీనం చేసుకున్నారు. దాని డిస్కు కాపీని పరిశీలించిన అమెరికా ఫోరెన్సిక్ సంస్థ ఆర్సెనల్, 2021లో నివేదిక ఇచ్చింది. 2016 జూన్‌లో కవి వరవరరావు మెయిల్ ఖాతాను వాడుకుని ఎవరో పంపిన ఫైల్ తెరవడంతో నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రామ్ ఆ ల్యాప్‌టాప్‌లో చొరబడిందని, సాక్ష్యంగా చూపిన లేఖలను బయటివాళ్లే దాచిన ఫోల్డర్‌లో పెట్టారని చెప్పింది. తర్వాత కేసును చేపట్టిన ఎన్‌ఐఏ ఒప్పుకోలేదు. ఎవరి వాదన ఏదైనా, డిస్కు ఉండబట్టే ఆ ప్రశ్న అడగడం సాధ్యమైంది. ఆ నెట్‌వైర్ రహస్యంగా తయారైన ఆయుధమేమీ కాదు. దూరం నుంచి కంప్యూటర్ నడిపే సాఫ్ట్‌వేర్ పేరుతో నెట్‌లో బాహాటంగా అమ్మేవారు. 2023 మార్చిలో ఎఫ్‌బీఐ దాన్ని అమ్మే సైటును స్వాధీనం చేసుకునేదాకా అమ్మకం సాగింది.

ఆనవాళ్లు మిగలాలి కాబట్టి ముందు డిస్కు మొత్తానికి కాపీ తీయించండి. అది చేతికొచ్చాకే శుభ్రం చేయడం. ఇంకొకరి కంప్యూటర్‌లో అనుమతి లేకుండా, దురుద్దేశంతో ఇలాంటివి పెడితే ఐటీ చట్టం 66వ సెక్షన్ కింద 3 ఏళ్ల దాకా జైలు లేదా 5 లక్షల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పెట్టింది మొగుడే కదా అని స్టేషన్‌లో సర్దిచెప్పబోతే, ఆ సెక్షన్ పేరెత్తి ఫిర్యాదు రాయించండి.