చుక్కల లెక్క

ధనుర్మాసము వచ్చినదనగా భద్రాచలము మొదలు దుమ్ముగూడెము, చర్ల వరకు గోదావరి యొడ్డున అడవి నానుకొనియున్న ఊళ్లలో కళ్లాపి చల్లిన వాకిళ్లన్నియు ముగ్గులతో నిండును. ముక్కోటికి వచ్చిన యాత్రికులు రామదర్శనము చేసికొని, తెప్పోత్సవము చూచి మరలిపోవుదురు గాని, నా మట్టుకు నేను ఆ దినములలో తెల్లవారుజామున వీధులవెంట నడచుచు వాకిళ్లను చదువుట యొక వ్రతముగా పెట్టుకొంటిని. సంఖ్యలతో ఆడుకొను విద్యకు ఇంతకంటె అందరికి అందుబాటున నున్న పాఠశాలను నే నెరుగను.

“పదిహేను చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క” అని ఒక యిల్లాలు పొరుగామెకు గోడమీదుగా చెప్పును. అంతమాత్రముననే ముగ్గు చేరవలసినచోటికి చేరినది. వినిన యామె బొటనవ్రేలికి, చూపుడువ్రేలికి నడుమ పిండి పట్టి, కొలబద్ద లేకయే నడిమి వరుసను 15 చుక్కలుగా నిలిపి, దానికి పైన క్రింద 14 చొప్పున, పిదప 13 చొప్పున, ప్రతి చుక్కయు వెనుకటి వరుసలోని రెండు చుక్కల సందున పడునట్లు 8 వరకు తగ్గించుకొని పోవగా, చక్కని షడ్భుజి యొకటి నేలపై నేర్పడును.

చిన్న ముగ్గులతో మొదలిడి ఈ చుక్కలను లెక్కించి చూడుడు. ఒంటి చుక్క 1. మూడు నుండి రెండు వరకు 7. ఐదు నుండి మూడు వరకు 19. ఏడు నుండి నాలుగు వరకు 37. వీనిని వరుసగా కూడుచు పోయినచో 1, 8, 27, 64 వచ్చును; అనగా ఘనసంఖ్యలు! నేలపై పరచిన చుక్కలలో ఘనము దాగియుండుట యెట్లన్న, చిన్న ఘనములను పేర్చి కట్టిన పెద్ద ఘనమును ఒక మూలకు సూటిగా నిలిచి చూచినపుడు కనబడు మూడు ముఖముల పొరయే ఈ షడ్భుజి. ఆ పొరను తీసివేసిన, అంచున ఒకటి తక్కువైన ఘనము మిగులును. కావున పదిహేను చుక్కల ముగ్గులో నున్నవి 8 ఘనమైన 512 లోనుండి 7 ఘనమైన 343 పోగా మిగిలిన 169 చుక్కలు. ఈ 169 పదమూడు పదమూళ్లు గదా! ఆ చుక్కలనే వరుసకు 13 చొప్పున చతురస్రముగను పేర్చవచ్చును. ఒంటి చుక్కను విడిచినచో, సందు చుక్కల ముగ్గులలో ఈ భాగ్యము మొదట దక్కినది దీనికే. ఆ తరువాతి దానికి నడిమి వరుసలో 209 చుక్కలు కావలయును. అంతటి వాకిలి ఏ యూర నున్నది?

పావులూరి మల్లన తెనిగించిన గణితమునకు మూలకర్తయైన మహావీరాచార్యుడు, 139ని 109తో గుణింపగా వచ్చు 15151 ఎటునుండి చదివినను ఒక్కటే యగుటచేత దానిని కంఠహారముగా భావించెను. ఆ రసికతయే ఈ వాకిళ్లలోను కలదు.

ఇక మెలికల ముగ్గుల సంగతి. ఎదురు చుక్కలు, అనగా చుక్కకు సూటిగా చుక్క వచ్చునట్లు, మూడు వరుసలుగా, వరుసకు నాలుగేసి పెట్టి, ప్రతి చుక్కను చుట్టివచ్చునట్లు గీత లాగినచో ఒక్క గీతతోనే ముగ్గు ముగియును. నాలుగింట నాలుగు పెట్టినచో నాలుగు వేరు వేరు గీతలగును. నాలుగింట ఆరు పెట్టినచో రెండు. రెండు సంఖ్యల గ.సా.భా. ఎంతయో గీతలన్ని! బడిలో కంఠస్థము చేయించి మనము విసుగు పుట్టించిన గ.సా.భా. ఇదియే. దీనిని ముగ్గు వేయించి చెప్పిన ఉపాధ్యాయుని నే నింతవరకు చూడలేదు; ఇది నాకు మిక్కిలి బాధ. అయితే 1970 దశకమున మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో గిఫ్ట్ సిరోమనీ ప్రభృతులు ముగ్గుల వ్యాకరణమును గణితదృష్టితో పరిశీలించిరి.

నాలుగింట నాలుగు ముగ్గును ఒకే గీతగా చేయవలెనన్న ఉపాయము లేకపోలేదు. రెండు వేర్వేరు గీతలు దాటుకొను చోట దాటనీయక, ఒకదానిని రెండవదానిలోనికి మళ్లించినచో రెండును కలిసి ఒకటియగును. ఒక్కొక్క మళ్లింపుతో ఒక్క గీతయే తగ్గును గనుక మూడు చోట్ల మళ్లింపక తప్పదు. ఆ మూడు చోట్లు ముగ్గు అందము చెడకుండ ఎక్కడ నుండవలెనో వేయు చేయి నిర్ణయించును.