నాలుకపై విద్యుత్తు, నడకలో మార్పు: ఒక ప్రయోగముపై విమర్శ

గణపవరం చుట్టుపట్ల వరిచేల గట్లపై, చేపల చెరువు గట్లపై నడచినవారికి నడక ఎంత కష్టమైన విద్యయో తెలియును. కన్ను దారి చూడవలెను, పాదము తడిమట్టిని పసిగట్టవలెను, మెదడు ఆ రెండింటిని క్షణములో కలుపవలెను. ఈ వార్తలను మోయునవి నాడీతంతువులు. కరెంటు తీగకు రబ్బరు తొడుగువలె వీనికి మయెలిన్ అను కొవ్వు తొడుగు గలదు. మల్టిపుల్ స్క్లిరోసిస్ అను వ్యాధిలో శరీరమును కాపాడవలసిన కణములే ఈ తొడుగును దెబ్బతీయును. అప్పుడు వార్తలు ఆలస్యమగును, లేదా దారిలోనే ఆగిపోవును. రోగి తూలును, కాలు ఈడ్చును.

అట్టివారి నడకను బాగుచేయుటకు అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మిచెల్ టైలర్, యూరీ డానిలోవ్ మున్నగువారు చేసిన ప్రయోగము 2014లో ప్రకటితమైనది. సూది లేదు, కోత లేదు. నాలుకపై ఉంచిన చిన్న పలక నుండి స్వల్ప విద్యుత్తును పంపిరి. నాలుకనే ఏల ఎన్నుకొనిరి? లాలాజలము విద్యుత్తును చక్కగా ప్రసరింపజేయును. అచ్చటి నాడులు పైపొరకు దగ్గరగా ఉండి, మెదడు అడుగుభాగమునకు చేరును.

20 మంది రోగులను రెండు జట్లు చేసి, 14 వారములు ఒకే వ్యాయామము చేయించిరి. రెండవ జట్టువారి పరికరములో నాడులను కదిలించునంత ప్రవాహము లేదు. మెట్లెక్కుట, అడ్డుగానున్న పెట్టెను దాటుట, తల త్రిప్పుచు నడచుట మొదలైన 8 పరీక్షలకు మొత్తము 24 మార్కులు. మొదటి జట్టుకు సగటున సుమారు 8 మార్కులు, రెండవ జట్టుకు సుమారు మూడున్నర పెరిగినవి.

మెచ్చదగినది ఆ రెండవ జట్టే. అది లేనిచో 8 మార్కులును విద్యుత్తు ఘనతయే అనుకొందుము. ఇక లోపములు మూడు. జట్టుకు పదిమందియే. వ్యాయామము లేక విద్యుత్తు మాత్రమే పొందిన జట్టు లేదు. కనుక విద్యుత్తు ఒంటరిగా ఏమి చేయునో తేలలేదు. ఏ చికిత్సయు పొందని జట్టు లేదు. కనుక ఆ మూడున్నరలో వ్యాయామము పాలెంత, రోగి ఆశ పాలెంత, పరీక్ష అలవాటగుట పాలెంత అన్నది విడదీయలేము.

ఈ కోవ పరికరమునకు 2021 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి నిచ్చినది. అయితే వైద్యుని చీటీపై, పర్యవేక్షణలో చేయు వ్యాయామముతో కలిపి మాత్రమే. ఈ షరతును వదలి "విద్యుత్తు నడిపించును" అనుట శాస్త్రము కాదు. చెడిన తొడుగు తిరిగి ఏర్పడినదని ఈ ప్రయోగము చూపలేదు.

మన దేశమున 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని వైకల్యముల జాబితాలో చేర్చినది. అట్టి రోగి ఉన్న ఇంటివారు పరికరముకై అప్పు చేయుటకు ముందు, రెండు జట్లును చేసిన ఆ వ్యాయామమును గూర్చి తమ వైద్యుని అడుగుట మేలు. ఉపాధ్యాయులు విద్యార్థులకు నేర్పదగిన ప్రశ్న ఒక్కటి కలదు. ఏ క్రొత్త చికిత్సను గూర్చి విన్నను, "రెండవ జట్టు ఏమైనది?" అని అడుగవలెను.