రెండో గుక్క తీర్పు

వైన్ రుచి చూసేవాళ్లకు ఒక అలవాటుంది. గ్లాసులో కాస్త పోసుకుని, గుండ్రంగా తిప్పి, వాసన చూసి, ఒక్క గుక్క నోట్లో ఆడించి వెంటనే తీర్పు చెప్పేస్తారు. పోటీల్లో, అమ్మకాల ప్రదర్శనల్లో వరసగా పదుల సీసాలు చూడాలి కాబట్టి అక్కడ వేరే దారి లేదు. కానీ ఆ పద్ధతిలో అన్యాయమైపోయే వైన్లు కొన్నున్నాయి. ఇటలీ వాయవ్య మూలనున్న పియెమోంతె ప్రాంతపు బార్బెరా వాటిలో ఒకటి. ఖాళీ నోటితో తాగితే పులుపు ముందుకొచ్చి, మిగతా రుచులను పక్కకు నెట్టేస్తుంది. నాలుగు ముద్దలు తిన్నాక తాగితే అదే సీసాలోంచి ఇంకో వైన్ పోసినట్టుంటుంది. అందుకే బార్బెరా విషయంలో రుచి చూడటం వేరు, వడ్డించడం వేరు అని నేననుకోను.

పియెమోంతె పేరు చెప్పగానే వైన్ ప్రియులకు ముందు గుర్తొచ్చేవి బరోలో, బర్బరెస్కో. రెండూ నెబియోలో ద్రాక్షతో చేసేవే. ఖరీదెక్కువ, వగరెక్కువ, మెత్తబడటానికి ఏళ్లు పడుతుంది. ఆ కొండల్లోని ఇళ్లలో రోజువారీ భోజనానికి తీసే సీసా మాత్రం చాలాకాలంగా బార్బెరానే. ఆల్బా పట్టణం చుట్టుపక్కల దక్షిణపు ఎండ బాగా తగిలే వాలులు ఎక్కువగా నెబియోలోకు పోతాయి. మిగిలిన చోట బార్బెరా సర్దుకుంటుంది. పక్కనే ఉన్న ఆస్టి వైపు అలా కాదు, మంచి వాలులు బార్బెరాకే దక్కుతాయి. తక్కువ డబ్బుకు మంచి సీసా కావాలంటే లేబుల్ మీద ‘బార్బెరా దాస్టి’ అని ఉందేమో ముందు చూస్తాను. అక్కడి దుకాణాల్లో పది యూరోల లోపే చక్కటిది దొరుకుతుంది. మన ఊరు చేరేసరికి సుంకాలూ పన్నులూ కలిసి ధర ఎన్నో రెట్లవుతుంది. అయినా బరోలో పక్కన పెడితే చవకే.

ఈ ద్రాక్ష స్వభావం విచిత్రమైనది. వైన్ చూస్తే ముదురు ఎరుపు, అంచుల్లో ఊదా. ఆ రంగు చూసి నోరు పట్టేసే వగరు ఉంటుందనుకుంటాం. తీరా తాగితే వగరు పెద్దగా తగలదు. వగరుకు మూలమైన టానిన్ ఇందులో తక్కువ. పులుపు మాత్రం పండు పూర్తిగా పక్వానికొచ్చినా తగ్గదు. ఇక బాడీ అంటారే, నాలుక మీద ఆ ద్రవం బరువు, అది మధ్యస్థం. మామూలు చారు పలుచన, ముద్దపప్పు చిక్కన అనుకుంటే ఇది పప్పుచారు దగ్గర ఆగుతుంది.

ఇంత మంచి గుణాలున్నా దీని పేరు ఒక దశలో బాగా చెడింది. 1986 మార్చిలో ఇటలీని కుదిపేసిన కల్తీ కేసులో, ఆల్కహాల్ శాతం పెంచడానికి చవక వైన్లలో మిథనాల్ కలిపారు. 20 మందికి పైగా చనిపోయారు, కొందరికి చూపు పోయింది. ఆ చవక వైన్లలో బార్బెరా కూడా ఉండటంతో, నిజాయితీగా చేసుకునే రైతుల సీసాలనూ జనం అనుమానంగా చూశారు. అంతకు కొద్ది కాలం ముందే రొకెట్టా తనారో గ్రామంలో జాకొమో బొలోన్యా అనే ఆయన ఈ ద్రాక్షకు గౌరవం తేవాలని పట్టుబట్టాడు. 1982 పంటతో చేసిన వైన్‌ను చిన్న ఫ్రెంచి ఓక్ పీపాల్లో నిలవబెట్టి, ‘బ్రికో దెల్లుచ్చెల్లోనె’ పేరుతో అమ్మాడు. ద్రాక్షలో లేని టానిన్‌ను ఓక్ చెక్క కొంత అందించింది, పులుపు చుట్టూ కాస్త కండ పట్టింది. రోజువారీ వైన్ ఖరీదైన బల్లల మీదకెక్కింది. తర్వాత ప్రభుత్వ గుర్తింపులూ వచ్చాయి. బార్బెరా దాస్టికి 2008లో ఇటలీ అత్యున్నత శ్రేణి డీఓసీజీ దక్కింది. ఆ ప్రాంతంలోనే నిట్సా మోన్‌ఫెర్రాతో చుట్టూ పండేది 2014లో నిట్సా పేరుతో విడిగా డీఓసీజీ అయింది. అదే ఏడాది ఈ కొండల ద్రాక్షతోటలు యునెస్కో వారసత్వ జాబితాలోనూ చేరాయి.

బొలోన్యా చేసింది గొప్ప పనే, కాదనను. అయితే బార్బెరా దాస్టి లేబుల్ మీద ‘సుపీరియోరె’ అని ఉంటే ఆ వైన్ కనీసం 14 నెలలు నిలవబెట్టినదనీ, అందులో 6 నెలలు చెక్కలో గడిపిందనీ అర్థం. దానికి అదనంగా డబ్బు పెట్టాలి. భోజనంలోకైతే నేను స్టీలు ట్యాంకుల్లో చేసిన మామూలు రకమే కొంటాను. చెక్క వాసన లేని చోట పండు రుచి సూటిగా తెలుస్తుంది. సీసా వయసు రెండు మూడేళ్లు దాటకుండా, ఆల్కహాల్ 13, 13.5 శాతం దగ్గర ఉండేలా చూసుకుంటాను. ఈ మధ్య ఎండలు ముదిరి 14, 14.5 శాతం వైన్లూ వస్తున్నాయి. వాటిలో వేడి ఘాటు ముందు తగులుతుంది.

వడ్డనలో అసలు కిటుకంతా చల్లదనంలో ఉంది. రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో ఇవ్వాలన్న మాట యూరప్ పాత ఇళ్ల చలిగదుల్లో పుట్టింది. హైదరాబాద్ మే నెలలో 34 డిగ్రీల గదికి అది వర్తించదు. వైన్ వేడెక్కితే ఆల్కహాల్ ముక్కుకు కొడుతుంది, పండు రుచి ఉడికినట్టవుతుంది. మరీ చల్లబడితే వాసనలు ముడుచుకుపోతాయి, వగరు పెరుగుతుంది. బార్బెరాలో వగరు తక్కువ కాబట్టి మిగతా రెడ్ వైన్ల కంటే కాస్త చల్లగా, 15, 16 డిగ్రీల దగ్గర ఇచ్చినా నష్టం లేదు. మన వేసవిలో ఫ్రిజ్‌లో గంటన్నర పైన ఉంచాలి. తొందరగా కావాలంటే ఐసు, నీళ్లు కలిపిన బకెట్లో మెడ దాకా ముంచితే పావుగంట చాలు. ఒట్టి ఐసు ముక్కల్లో గుచ్చితే సీసాకు అంతటా చలి తగలదు, నీళ్లుండాలి. కోరుకున్న దానికంటే ఒకటి రెండు డిగ్రీలు చల్లగానే బల్ల మీదికి తెస్తాను, గ్లాసులో అది ఎలాగూ వేడెక్కుతుంది.

మిగతావి చిన్న పనులే. గ్లాసుకు సబ్బు వాసన, అలమారా వాసన లేకుండా వేడినీళ్లతో కడిగి ఆరబెట్టాలి. మూత తీయగానే ఇంటివాళ్లు తమ గ్లాసులో కొంచెం పోసుకుని వాసన చూసేది దర్జా కోసం కాదు. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడిందని తెలుసుకోవడానికి. అలా ఉంటే ఆ సీసా పక్కన పెట్టి ఇంకోటి తీయాలి. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకూడదు, తిప్పడానికీ వాసన నిలవడానికీ చోటుండాలి. 750 మిల్లీలీటర్ల సీసా అయిదుగురికి ఒక్కో గ్లాసు వస్తుంది. లేత బార్బెరాను గాలి ఆడటానికి వేరే పాత్రలోకి వంచాల్సిన పని లేదు. మిగిలితే బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే రెండు మూడు రోజులు బాగానే ఉంటుంది.

ఇక తిండి. పియెమోంతెలో చలి మొదలయ్యాక బాన్యా కావుదా చేస్తారు. వెల్లుల్లి, ఉప్పులో ఊరిన ఆంచోవీ చేపలు, నూనె కలిపి సన్నసెగ మీద మరిగించి, పచ్చి కూరగాయలు అందులో ముంచుకు తింటారు. నిట్సా దగ్గర పండించే వంపు తిరిగిన కార్డూన్ కాడలు అందులోకి ప్రత్యేకం. నూనె, ఉప్పు, వెల్లుల్లి ఘాటు నాలుక మీద పొరలా పేరుకుంటాయి. బార్బెరా పులుపు నోరూరించి ఆ పొరను కడిగేస్తుంది. అప్పుడు పులుపు బాధించదు, పుల్లచెర్రీ, ప్లమ్ రుచులు పైకొస్తాయి.

మన వంటల్లోనూ ఇదే లెక్క. తిండి వైన్ కంటే పుల్లగా ఉంటే వైన్ చప్పబడుతుంది. చింతపండు పడ్డ వంట పక్కన మెత్తటి రెడ్ వైన్లు చాలావరకు నీరసించిపోతాయి, ఇది నిలబడుతుంది. కారం తగ్గించి, నూనె తేలేలా చేసిన గుత్తివంకాయతో నాకు బాగా నచ్చింది. ఆవకాయతో మాత్రం వద్దు. ఆల్కహాల్ కారం మంటను ఇంకా ఎగదోస్తుంది. కూరలో తీపి ఎక్కువైనా వైన్ పుల్లబడుతుంది.

అతిథులు గ్లాసు అందుకున్న వెంటనే ‘ఎలా ఉంది’ అని నేనడగను. మొదటి గుక్కను ఊరికే తాగనిస్తాను. కూరలో నూనె తగిలేలా రెండు ముద్దలు తిన్నాక రెండో గుక్క తాగమంటాను. పది యూరోల సీసా ముందు బరోలో గాంభీర్యం వెతకడం అనవసరం. పక్కనున్న తిండిని అది మెరుగుపరిచిందా, తిండి దాన్ని మెరుగుపరిచిందా అన్నదే చూడాలి. రెండో గుక్క మొదటిదాని కంటే బాగుంటే ఆ పేరు రాసి పెట్టుకుంటాను. బాగోలేకపోతే లేబుల్ ఎంత అందంగా ఉన్నా, అమ్మేవాడు ఎన్ని పతకాలు చెప్పినా ఆ సీసా మళ్లీ కొనను.