కనిపెట్టుకుని ఉండే పని

రిమాండు పడ్డ మనిషి పోలీసుల వెంట జైలు గేటుకు చేరేసరికి సాధారణంగా పొద్దు వాలిపోతుంది. గేటు పక్క గదిలో పేరు, తండ్రి పేరు, ఊరు, కేసు సెక్షన్లు రిజిస్టరులోకి ఎక్కుతాయి. పుట్టుమచ్చలు చూసి రాసుకుంటారు. జేబులో ఉన్న డబ్బు, ఉంగరం, సెల్‌ఫోను లెక్కపెట్టి సంతకం తీసుకుంటారు. ఇన్ని రాసుకునే ఆ బల్ల దగ్గరే తెలుసుకోవలసినది మరొకటి ఉంది: ఈ మనిషికి బతకాలని ఉందా? ఎదుటివాడు నొచ్చుకోకుండా, దాచుకోకుండా జవాబు చెప్పేలా ఆ మాట అడగడం, వచ్చిన జవాబును బట్టి ఆ రాత్రి ఎవరు ఎలా చూసుకోవాలో తేల్చడం జైలు సైకాలజిస్టుల పని. బయటికి కనపడని పని. ఒక్కో భాగం విడదీసి చూస్తే ఎంత ఆలోచన, ఎంత ఓర్పు పెట్టి దాన్ని కట్టారో అర్థమవుతుంది.

2004లో ధర్మపురి నుంచి విడిపోయిన కృష్ణగిరి జిల్లాలో ఈ పని ఇంకాస్త కష్టం. హోసూరులో, కృష్ణగిరిలో ఉన్నవి సబ్‌జైళ్ళు. అక్కడ ఉండేది ఎక్కువగా విచారణ ఖైదీలే. కొద్ది రోజులకో, కొద్ది వారాలకో బెయిలు మీద వెళ్ళిపోతారు, లేదా పెద్ద జైలుకు మారతారు. అంత చిన్న జైలుకు సొంత సైకాలజిస్టు ఉండరు. ఆ కుర్చీ సేలం కేంద్ర కారాగారంలో ఉంటుంది. హోసూరు నుంచి సేలం నూటయాభై కిలోమీటర్ల పైమాటే. దానికి తోడు భాష. హోసూరు బజారులో తెలుగు, కన్నడం, తమిళం మూడూ వినిపిస్తాయి. సిప్కాట్ పారిశ్రామికవాడ ఫ్యాక్టరీల్లో పనికి ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ళతో హిందీ కూడా చేరింది. బాధ చెప్పుకోవడానికి మాత్రం ఎవరికి వాళ్ళ ఇంటి భాషే కావాలి. అందుకే ఇక్కడ సైకాలజిస్టు నేర్పు అంతా, తాను లేనిచోట కూడా తన పద్ధతి నడిచేలా చూడడంలో ఉంది. గేటు దగ్గరి జైలరు, రాత్రి డ్యూటీ వార్డరు, ప్రభుత్వాసుపత్రి డాక్టరు, పక్కన పడుకునే ఖైదీ, వీళ్ళందరి చూపునూ ఒక వరసలోకి తేవాలి.

ఈ పని చేసే చేతులు ఎంత తక్కువో కూడా చెప్పాలి. 2016 నమూనా జైలు మాన్యువల్ ప్రకారం ప్రతి 500 మంది ఖైదీలకు ఒక సైకాలజిస్టు లేదా కౌన్సెలర్ ఉండాలి. 2022 చివరికి దేశంలోని జైళ్ళలో 5,73,220 మంది ఉన్నారు. సైకాలజిస్టులు, సైకియాట్రిస్టులు కలిపి 25 మందే ఉన్నారని ఇండియా జస్టిస్ రిపోర్టు లెక్క తేల్చింది. ఆ ఒక్క ఏడాదిలోనే జైళ్ళలో 119 మంది ప్రాణాలు తీసుకున్నారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ అమితవ రాయ్ కమిటీ 2017 నుంచి 2021 దాకా జరిగిన 817 అసహజ మరణాలను పరిశీలిస్తే అందులో 660 ఆత్మహత్యలే. ఉన్న కొద్దిమందీ చేస్తున్న పని ఎంత విలువైనదో ఈ అంకెలు చూశాకే నాకు తెలిసొచ్చింది.

ఇక పని దగ్గరికి వద్దాం. హోసూరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసే ఇరవై మూడేళ్ళ తెలుగు కుర్రవాణ్ణి ఊహించుకోండి. మొదటి కేసు, మొదటి జైలు. సైకాలజిస్టు ఎదురుగా కూర్చుని మొదట అడిగేది ప్రాణం గురించి కాదు, అన్నం గురించి. “ఏమప్పా, అన్నం తింటివా? నువ్వు ఇక్కడుండేది ఇంట్లో ఎవరికన్నా తెలుసునా?” ఈ రెండో ప్రశ్నలోనే చాలా సంగతి బయటపడుతుంది. ఇంటికి కబురు వెళ్ళిందా, వెళ్తే ఏమన్నారు, అసలు కబురు చెప్పొద్దని ఇతనే అన్నాడా? చెప్పొద్దన్నవాడి గుండెల్లో సిగ్గు కూర్చుని ఉంది. కొత్తగా లోపలికొచ్చినవాళ్ళలో ఆ సిగ్గు చాలా బరువైనది.

అసలు ప్రశ్నకు చేరే దారి కూడా ఒక పనితనమే. “ఇట్లాంటి కష్టం వస్తే కొందరికి ఈ బతుకెందుకు అనిపిస్తుంది. నీకట్లా అనిపించిందా?” అని అడుగుతారు. ముందు వాక్యం ఆ ఆలోచనను నలుగురికీ వచ్చేదిగా చేసి, తర్వాతి వాక్యానికి అవునని చెప్పే వీలు కల్పిస్తుంది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని భయపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. పరిశోధనల్లో ఆ భయానికి ఆధారం దొరకలేదు. సూటిగా, మెత్తగా అడిగితే చాలామందికి గుండె తేలికపడుతుంది.

ప్రపంచమంతా వాడుతున్న కొలంబియా ప్రశ్నావళి పొట్టి రూపంలో ఆరే ప్రశ్నలు. మొదటిది, నిద్రపోయి మళ్ళీ లేవకుండా ఉంటే బాగుండు అనిపించిందా అని. రెండోది, ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనే వచ్చిందా అని. రెండోదానికి కాదంటే మధ్యలోవి వదిలేసి నేరుగా ఆరోదానికి వెళ్ళాలి: గతంలో ఎప్పుడైనా ప్రయత్నం చేశావా? అవునంటే మూడు, నాలుగు, ఐదు అడగాలి. ఆలోచన ఎంత దూరం వెళ్ళింది, చేసి తీరాలన్న పట్టు ఎంత ఉంది, ఏర్పాటు ఏమైనా మొదలైందా? విసుగుతో అన్న మాటకూ నిశ్చయంతో అన్న మాటకూ మధ్య దూరాన్ని మెట్లు మెట్లుగా కొలిచే అమరిక ఇది. డాక్టరే కానక్కరలేదు, నేర్పితే వార్డరు కూడా అడగగలడు. సబ్‌జైలుకు ఇంతకంటే పనికొచ్చే సాధనం నాకు తెలియదు.

ఒకసారి అడిగి గుర్తించేయడంతో పని అయిపోదు. మనిషికి ఉండే ప్రమాదంలో రెండు పొరలుంటాయి. పాత ప్రయత్నం, కుటుంబ చరిత్ర, వయసు లాంటివి మారనివి. నిద్ర, ఆశ, ఇంటినుంచి వచ్చే మాట లాంటివి రోజురోజుకీ మారేవి. మంచి సైకాలజిస్టు ఖైదీ వివరాలు రాసి ఉంచే హిస్టరీ టికెట్‌ను ఒక క్యాలెండరులా చదువుతారు. బెయిలు పిటిషన్ వాయిదా ఎప్పుడు? ములాఖత్‌కు రావలసిన భార్య ఈ వారం రాలేదా? తీర్పు ఏ రోజు? కోర్టు నుంచి తిరిగొచ్చిన సాయంత్రం ఎవరు పలకరిస్తారు? బెయిలు కొట్టేసిన రోజు, శిక్ష పడ్డ రోజు, ఇంట్లో చావు కబురు వచ్చిన రోజు, వేరే జైలుకు మార్చిన మొదటి రాత్రి: ఇవి ముందే తెలిసే తేదీలు, లేదా తెలిసిన వెంటనే కదలవలసిన తేదీలు. అమెరికాలో లిండ్సే హేస్ జరిపిన జాతీయ అధ్యయనం స్థానిక జైళ్ళలో ఆత్మహత్యల్లో నాలుగో వంతుకు కాస్త తక్కువ మాత్రమే మొదటి 24 గంటల్లో జరిగాయని తేల్చింది. మొదటి రాత్రి గట్టిగా చూసి తర్వాత వదిలేస్తే చాలదన్నమాట.

మత్తు సంగతి వేరే చెప్పాలి. హోసూరు రోడ్డు మీదుగా బెంగుళూరు వైపు వెళ్తే పరప్పన అగ్రహార కేంద్ర కారాగారం వస్తుంది. అక్కడ జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌కు చెందిన సురేశ్ బడా మఠ్, ప్రతిమా మూర్తి బృందం 5,024 మంది ఖైదీల మానసిక ఆరోగ్యాన్ని, మత్తు అలవాట్లను పరిశీలించి 2011లో నివేదిక వెలువరించింది. ఆ అలవాట్లలో తాగుడు సంగతే చూడండి. రోజూ తాగే అలవాటున్నవాడు లోపలికి రాగానే తాగుడు ఒక్కసారిగా ఆగిపోతుంది. ఒకటి రెండు రోజుల్లో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, లేనివి కనబడతాయి. చూసేవాళ్ళకది దిగులులాగానో, వేషంలాగానో అనిపిస్తుంది. అది దిగులు కాదు, డాక్టరు వెంటనే మందివ్వవలసిన జబ్బు అని పసిగట్టి ఆసుపత్రికి పంపించడం సైకాలజిస్టు చూపులో ఉన్న సూక్ష్మం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం జైలు వైద్యాధికారులందరికీ కనీస మానసిక చికిత్సలో శిక్షణ ఇవ్వాలన్నది ఇందుకే.

ప్రమాదం ఉందని తేలాక కాపలా ఎలా ఉండాలి? ఇక్కడే నాకు ఎక్కువ గౌరవం కలుగుతుంది. ప్రమాదం బాగా దగ్గరలో ఉంటే ఒక మనిషి ఎడతెగకుండా ఎదురుగా ఉండాలి. అంత లేకపోతే పదిహేను నిమిషాలకు మించని ఎడంతో వచ్చి చూస్తుండాలి. అయితే గడియారం కొట్టినట్టు సరిగ్గా పదిహేనుకోసారి రాకూడదు. ఒకసారి ఏడు నిమిషాలకు, ఒకసారి పన్నెండుకు, ఒకసారి నాలుగుకు రావాలి. వార్డరు ఎప్పుడొస్తాడో లోపలివాడు లెక్క కట్టలేకపోవడమే ఆ పద్ధతికి ప్రాణం. సీసీ కెమెరా ఉంటే మంచిదే, కానీ తెర ముందు కూర్చున్నవాడి కన్ను అలసిపోతుంది. కెమెరా పలకరించదు కూడా.

రాత్రి నోట్సు ఎలా రాయాలో వార్డరుకు నేర్పడం కూడా సైకాలజిస్టు పనే. “ఖైదీ బాగున్నాడు” అని రాస్తే పొద్దున చదివేవాళ్ళకు ఏమీ తెలియదు. “సగం అన్నం వదిలేశాడు; పదకొండు దాకా గోడ వైపు తిరిగి పడుకున్నాడు; పక్కవాడు బీడీ అడిగితే నవ్వాడు” అని రాస్తే తెలుస్తుంది. అభిప్రాయం పక్కన పెట్టి కంటికి కనబడింది రాయడం. వేరు వేరు రాత్రుల్లో ముగ్గురు వార్డర్లు రాసింది వరసగా చదివితే, ఏ ఒక్కరికీ కనబడని మార్పు సైకాలజిస్టుకు కనబడుతుంది.

ఒంటరి సెల్లులో పెట్టి బట్టలు లాక్కుని తాళం వేయడం పాతకాలం తీరు. బయటికి అది భద్రంగా కనిపిస్తుంది గానీ, మనిషిని నలుగురికీ దూరం చేసి ప్రమాదాన్ని పెంచుతుంది. పైగా మనసులో మాట చెప్పినందుకు శిక్ష పడినట్టవుతుంది. ఇంకోసారి ఎవరైనా నోరు విప్పుతారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో జైళ్ళ కోసం వెలువరించిన మార్గదర్శకాలు ఒంటరితనం తగ్గించమనే చెబుతాయి. బ్రిటన్‌లో 1991లో స్వాన్సీ జైలులో సమరిటన్స్ సంస్థ మొదలుపెట్టిన పద్ధతిలో, శిక్షణ పొందిన ఖైదీలే తోటి ఖైదీల బాధ వింటారు. మన జాతీయ మానవ హక్కుల సంఘం 2023 జూన్‌లో ఇచ్చిన సలహాల్లోనూ ఎంపిక చేసిన ఖైదీలకు తర్ఫీదు ఇవ్వాలని, కొత్తవాళ్ళకు తోడు ఏర్పాటు చేయాలని ఉంది. ఆ తోడును ఎంచడం సైకాలజిస్టుకు పరీక్షే. మన కుర్రవాడి విషయంలో తెలుగు వచ్చినవాడు కావాలి, వాగుడుకాయ కాకూడదు, అతని కేసుతో సంబంధం ఉండకూడదు, తన బాధను తాను మోయగలిగినవాడై ఉండాలి. అంతా చేసి, కాపలా బాధ్యత మాత్రం వార్డరుదేనని ఇద్దరికీ స్పష్టం చేయాలి. ఖైదీ నెత్తిన ఇంకో ఖైదీ ప్రాణం పెట్టడం న్యాయం కాదు.

ఇంకో పరికరం రక్షణ ప్రణాళిక. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన ఈ కాగితంలో ఆరు మెట్లుంటాయి: నాలో తుఫాను మొదలైనట్టు ఏ గుర్తుతో తెలుస్తుంది, అప్పుడు నేను ఒక్కణ్ణే ఏం చేసుకోగలను, ఎవరి మధ్య కూర్చుంటే మనసు మళ్ళుతుంది, ఎవరికి చెప్పుకోగలను, ఏ వైద్యుణ్ణి పిలవాలి, ప్రమాదం తెచ్చేవాటిని నాకు దూరంగా ఎలా ఉంచాలి. బయటివాళ్ళ కోసం రాసిన దీన్ని జైలుకు మలచాలి. అర్ధరాత్రి స్నేహితుడికి ఫోను చేయడం ఇక్కడ కుదరదు. ఆ చోట రాత్రి వార్డరు పేరు రావాలి, ఆ వార్డరుకు తన పేరు అందులో ఉన్నట్టు తెలియాలి. మాటలు ఖైదీవే ఉండాలి. చదువు రానివాడైతే సైకాలజిస్టు రాసి, చదివి వినిపించి, అతని చేతే మళ్ళీ చెప్పిస్తారు.

నమ్మకం లేకపోతే వీటిలో ఏదీ నిలవదు. అందుకే మొదటి పది నిమిషాల్లోనే తేటగా చెబుతారు: నీ కేసు సంగతులు నా దగ్గర దాచిపెడతాను, నీ ప్రాణానికి ముప్పు ఉంటే మాత్రం ఫలానా ఫలానావాళ్ళకు చెప్పక తప్పదు. హద్దు ముందే తెలిస్తే ద్రోహం జరిగినట్టుండదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. అతనికి చికిత్స, పునరావాసం అందించే బాధ్యత ప్రభుత్వానిది. ఆ సంగతి తెలియక ఇంకో కేసు పడుతుందని నోరు మూసుకునేవాళ్ళున్నారు.

కాపలా మొదలుపెట్టడం కంటే సడలించడం కష్టం. ఖైదీ ఉన్నట్టుండి ప్రశాంతంగా మారితే సైకాలజిస్టు సంతోషించేముందు కారణం వెతుకుతారు. బెయిలు వచ్చిందా, అమ్మ మాట్లాడిందా, నిద్ర కుదిరిందా? కారణం దొరక్కపోతే కాపలా అలాగే ఉంచుతారు. దొరికితే ఎడతెగని కాపలా నుంచి పదిహేను నిమిషాలకు, అక్కడి నుంచి మామూలు బ్యారక్‌కు ఒక్కో మెట్టు దించుతారు. ఇంగ్లండు జైళ్ళలో 2005 నుంచి వాడుతున్న పద్ధతిలో ఫైలు మూశాక కూడా మళ్ళీ కూర్చోబెట్టి మాట్లాడతారు.

చివరి మెట్టు గేటు బయట ఉంది. విడుదలైన మొదటి వారాలు కూడా ప్రమాదకరమైనవేనని ఇంగ్లండు పరిశోధనలు చూపించాయి. బెయిలు ఉత్తర్వు సాయంత్రం అందితే మనిషి చీకట్లో, చేతిలో కొద్దిపాటి డబ్బుతో బయటికొస్తాడు. అందుకని మంచి సైకాలజిస్టు విడుదల కబురు కోసం ఎదురుచూడకుండా చీటీ ముందే రాసి గేటు దగ్గర ఉంచుతారు. అందులో వాడుతున్న మందులు, కృష్ణగిరి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక విభాగానికి ఎప్పుడు వెళ్ళాలి, ఏ గంటకైనా పలికే మానసిక సహాయ ఫోను సేవ టెలీ మానస్ 14416 నంబరు ఉంటాయి. తీసుకెళ్ళడానికి ఎవరొస్తారో ముందే కనుక్కుంటారు. ఎవరూ రారని తెలిస్తే, బస్టాండుకు బయల్దేరేముందు జైలు ఫోను నుంచే ఇంటికి మాట్లాడించి, అవతలివాళ్ళు ఎత్తి పలికాకే పంపిస్తారు.